ఆధునిక చిత్రంలోని మనిషిని చదవడం ఎలా: పికాసో ముసలి గిటారు వాద్యకారుడితో ఒక సాధన

ఆధునిక చిత్రం ముందు నిలబడగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "దీని అర్థం ఏమిటి?" అడగవలసిన ప్రశ్నే, కానీ మొదట అడగవలసింది కాదు. ముందు చూపు, తర్వాత కథ, ఆ పైన అర్థం. ఈ వరస తప్పితే మనం బొమ్మను చూడం, బొమ్మ గురించి ఎక్కడో చదివినదాన్ని చూస్తాం. మనిషి ఆకారం ఉన్న చిత్రాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ముఖం కనబడగానే దుఃఖమనో, ఆనందమనో పేరు పెట్టేసి ముందుకు సాగిపోతాం. గీతా రంగూ కలిసి ఆ దుఃఖాన్ని ఎలా పుట్టించాయన్నది మిగిలిపోతుంది. నిజానికి చూడవలసింది దాన్నే.

సాధనకు ఒక్క చిత్రం చాలు. పాబ్లో పికాసో 1903 చివర, 1904 మొదట్లో బార్సిలోనాలో వేసిన 'ద ఓల్డ్ గిటారిస్ట్' తీసుకుందాం. చెక్క పలక మీద వేసిన తైలవర్ణ చిత్రం. 1926 నుంచి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. వస్తువులు తక్కువ, రంగులు ఇంకా తక్కువ, ఉన్నది ఒకే ఒక్క మనిషి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు తెలియదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చిత్రాన్ని ఆ మ్యూజియం వెబ్‌సైటులో తెరవండి. ఎవరో తీసిన ఫోటోల్లో నీలం ఒకచోట ఆకుపచ్చగా, మరోచోట ఊదాగా కనిపిస్తుంది. రంగు గురించి మాట్లాడబోయేవారికి ఈ తేడా చిన్నది కాదు. వీలైతే ఒక ముద్రిత ప్రతి కూడా దగ్గర ఉంచుకోండి. బటర్ పేపరు ఒకటి, మెత్తని పెన్సిలు, ఒక నోటు పుస్తకం, ఫోను ఉంటే చాలు.

ఇంకొక పని. చిత్రం అసలు కొలత 122.9 × 82.6 సెంటీమీటర్లు. గోడ మీద సుద్దతో సుమారు 123 సెంటీమీటర్ల ఎత్తు, 83 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం గీసి, దాని ముందు నిలబడండి. ఫోను తెరమీద అరచేతిలో ఇమిడిపోయిన ముసలివాడు, అసలు బొమ్మలో మీ ఒంటి కొలతకు ఎంత దగ్గరగా ఉంటాడో అప్పుడు తెలుస్తుంది. పరిమాణం తెలియకుండా రూపం గురించి రాసే మాటల్లో సగం గాలిలో తేలుతుంటాయి.

కనిపించేదే రాయండి

పది నిమిషాలు గడియారం పెట్టుకుని కూర్చోండి. నోటు పుస్తకంలో కనిపించేది మాత్రమే రాయాలి. 'పేదవాడు', 'విషాదం', 'ఒంటరితనం' లాంటి మాటలు రాయకూడదు. అవి నిర్ణయాలు, వాటి సమయం ఇంకా రాలేదు.

ఇలా సాగవచ్చు: కాళ్ళు మడిచి నేల మీద కూర్చున్న ముసలివాడు. తల పక్కకు వాలి ఉంది. కళ్ళు మూతపడి ఉన్నాయి. జుట్టూ గడ్డమూ నెరిశాయి. చొక్కా చిరిగి భుజం బయటపడింది. పాదాలకు చెప్పులు లేవు. ఒడిలో గిటారు ఏటవాలుగా ఉంది. ఒక చెయ్యి తీగల దగ్గర, మరో చెయ్యి గిటారు మెడను పట్టుకుని ఉంది. చేతి వేళ్ళు పొడవు. గిటారు గోధుమ రంగు, మిగతాదంతా ఇంచుమించు నీలం. అతడు ఉన్నది వీధో, గదో తేల్చి చెప్పే వస్తువు ఏదీ లేదు.

చివరి వాక్యం గమనించండి. లేనివాటిని కూడా రాయాలి. వినేవాళ్ళు లేరు, డబ్బులు వేసే గిన్నె లేదు, ఆకాశం లేదు. చిత్రకారుడు వదిలేసినవి కూడా అతడు ఎంచుకున్నవే. తర్వాత అర్థం గురించి మాట్లాడేటప్పుడు ఈ 'లేదు'ల పట్టిక మీకు ఎంత సాయపడుతుందో చూస్తారు.

రూపం: గీతల దారి పట్టండి

ఎక్కువసేపు గడపవలసింది ఇక్కడ. ముద్రిత ప్రతి మీద బటర్ పేపరు పరచి పెద్ద గీతలు మాత్రమే గీయండి. కన్ను, ముక్కు, మడతలు వద్దు. మెడ ఎటు పోయింది, భుజం ఎక్కడ విరిగింది, మోచేయి ఎక్కడ వంగింది, మోకాలు ఎటు తిరిగింది, అంతే. కాగితం పైకి తీసి చూస్తే మీ ముందు మనిషి ఉండడు, కోణాల వరస ఉంటుంది. మెడ దాదాపు లంబకోణంలో వాలి ఉంది. భుజం దగ్గర ఒక మూల, మోచేతి దగ్గర ఒక మూల, మోకాలి దగ్గర ఇంకొకటి. ఒళ్ళంతా ఎముకల గీతే.

ఆ కోణాల మధ్య ఒంపు తిరిగిన గీతలు ఎక్కడ ఉన్నాయో వెతకండి. గిటారు నడుము దగ్గర, దాని గుండ్రటి రంధ్రం దగ్గర. బొమ్మలో మెత్తదనమంతా వాద్యానికే దక్కింది, మనిషి ఒంటికి దక్కలేదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, మీ బటర్ పేపరు మీదే కనబడుతుంది. ఇలా వేలు పెట్టి చూపించగలిగిన విషయాన్నే తర్వాత అర్థానికి ఆధారంగా వాడుకోవాలి.

ఇక చట్రం సంగతి. కాళ్ళు మడిచి కూర్చున్న మనిషికి సహజంగా కావలసింది వెడల్పు. పికాసో ఇచ్చింది నిలువు పలక. ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి దాదాపు మూడుకు రెండు. ఆ ఇరుకులో ఇమడాలంటే తల వంగాలి, భుజం ముడుచుకోవాలి, కాళ్ళు లోపలికి రావాలి. ఈ మనిషి లేచి నిలబడితే తల చట్రం దాటిపోతుంది. తల వాలడానికి ముసలితనం ఒక కారణమైతే పలక ఆకారం మరో కారణం. అతణ్ణి నొక్కిపెట్టే శక్తిని పికాసో ముఖకవళికల్లో పెట్టలేదు, కూర్పులో పెట్టాడు. నా దృష్టిలో ఈ బొమ్మలోని గొప్ప నిర్ణయం ఇదే.

నమ్మకం కుదరకపోతే మీరే అలా కూర్చుని చూడండి. బాసిపట్లు వేసుకుని, మెడను పక్కకు పూర్తిగా వాల్చి, రెండు చేతులనూ గిటారు పట్టుకున్నట్టు ఉంచండి. కొద్దిసేపటికే మెడ నరాలు లాగుతాయి. ఆ భంగిమ విశ్రాంతి కాదని మీ ఒంటికే తెలిసిపోతుంది. మరో సంగతి కూడా తెలుస్తుంది: ఆ వంపులో చెవి వాద్యానికి దగ్గరవుతుంది. అలసటతో వాలిన తల, వినడానికి ఒగ్గిన తల, రెండూ ఒకే గీతలో ఉన్నాయి. మనిషి బొమ్మలను పరిశీలించేటప్పుడు భంగిమను స్వయంగా పట్టి చూడడం శిల్పులూ చిత్రకారులూ చేసే పనే. చూసేవాళ్ళు కూడా చేయాలి.

అవయవాల కొలతలు కూడా ఒకసారి చూసుకోండి. చేతులూ వేళ్ళూ మామూలు కన్నా సాగి ఉన్నాయి. చేతకాక అలా వేయలేదు. పికాసో కుర్రతనంలోనే శాస్త్రీయ పద్ధతిలో కచ్చితంగా బొమ్మ గీయగలిగినవాడు. ఈ సాగదీత వెనక క్రీట్ ద్వీపంలో పుట్టి స్పెయిన్‌లోని టొలేడోలో స్థిరపడిన ఎల్ గ్రెకో (1541–1614) ఉన్నాడు. సాధువులనూ అమరులనూ మంటల్లా పైకి సాగదీసి వేసిన చిత్రకారుడు. 1900 ప్రాంతంలో స్పెయిన్ కళాకారులు అతణ్ణి మళ్ళీ తలకెత్తుకున్నారు. పికాసో ఆ పొడవును సాధువు నుంచి తీసి బిచ్చగాడికి ఇచ్చాడు. ఎల్ గ్రెకో మనుషుల్లో ఆ పొడవు పైకి లేస్తుంది, ఇక్కడ అదే పొడవు లోపలికి ముడుచుకుంది. ఒక చిత్రకారుడి నుంచి మరొకరు ఏం తీసుకున్నారని మాత్రమే అడిగి ఊరుకోకండి, తీసుకున్నదాన్ని ఎటు తిప్పారని కూడా అడగండి.

రంగు: ముందు తీసేసి చూడండి, తర్వాత పెట్టి చూడండి

ఫోనులో చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఇప్పుడు మిగిలింది వెలుగునీడల తేడా మాత్రమే. కళ్ళు సగం మూసి చూస్తే ఏవి లేతగా తేలుతున్నాయో, ఏవి ముదురులో మునిగాయో తెలుస్తుంది. ముఖం, భుజం, చేతులు, కాళ్ళు, అంటే బట్ట కప్పని చోట్లు ముందుకు వస్తాయి. గిటారు ఏమైందో చూడండి. రంగుల్లో మొట్టమొదట కంటపడిన ఆ వస్తువుకు బూడిద రంగుల మధ్య ఆ ప్రత్యేకత ఉండదు. అది విడిగా నిలిచింది వెలుగు వల్ల కాదు, వెచ్చని వర్ణం వల్ల. వెలుగు, వర్ణం వేరువేరు పనులు చేస్తాయని పాఠంగా చెబితే ఒంటబట్టదు, ఇలా చేసి చూస్తే మరిచిపోరు.

మళ్ళీ రంగుల్లోకి రండి. ఈసారి గిటారు మీద బొటనవేలు ఉంచి దాన్ని కప్పేయండి. మిగిలింది నీలమూ దాని దగ్గరి ఛాయలూ. చర్మం కూడా నీలం వైపే ఒరిగింది. ఒంటికీ బట్టకూ గోడకూ మధ్య సరిహద్దు పలచబడి, మనిషి తన చుట్టూ ఉన్న చోటులో కరిగిపోతున్నాడు. వేలు తీయండి. గోధుమ రంగు వచ్చి అతణ్ణి ఒకచోట నిలిపింది. ఈ రెండు స్థితుల మధ్య మీకు కలిగిన తేడాను అప్పటికప్పుడే నోటు పుస్తకంలో రాసుకోండి. రేపటికి అది ఇంత స్పష్టంగా గుర్తుండదు.

తెలుగువాళ్ళం ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. నీలం అనగానే మనకు నీలమేఘశ్యాముడు గుర్తొస్తాడు, కృష్ణుడు గుర్తొస్తాడు. మన కంటికి అది దైవం రంగు, వానమబ్బు రంగు, చల్లదనం. ముసలివాడు వాద్యం పట్టుకుని ఉంటే తంబూరా మీటే బైరాగి మనసులో మెదులుతాడు, వైరాగ్యం అనే మాట నాలుక మీదికి వస్తుంది. ఈ స్ఫురణలను నేను కొట్టిపారేయను. నోటు పుస్తకంలో వేరే పేజీలో రాసి, 'ఇవి నావి' అని పైన గుర్తు పెట్టుకోండి. బార్సిలోనాలో వేసిన బొమ్మ మీద వాటిని రుద్దకూడదు. ఏ రంగుకూ అన్ని దేశాల్లో చెల్లే అర్థం లేదు. ఆ బొమ్మలో, పక్కనున్న రంగుల మధ్య, ఆ రంగు ఏం పని చేస్తోందన్నదే మీరు పట్టుకోవలసింది. ఉదాహరణకు, మన తోట వైకుంఠం వేసే తెలంగాణ స్త్రీల చిత్రాల్లో ఎరుపు, పసుపు, నారింజ మనిషిని పలక మీద నుంచి ముందుకు తోస్తాయి, చీరా బొట్టూ ఒంటికి నిండుదనం ఇస్తాయి. ఇక్కడ నీలం మనిషిని వెనక్కి లాగుతుంది. రంగు చేసే పనిని ఇలా క్రియాపదంతో చెప్పడం అలవాటు చేసుకోండి: తోస్తుంది, లాగుతుంది, నిలుపుతుంది, కరిగిస్తుంది. 'సూచిస్తుంది' అనే మాటను ఈ దశలో పక్కన పెట్టండి.

కుంచె గుర్తుల సంగతి క్లుప్తంగా. చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే రంగు ఎక్కడ పలచగా, ఎక్కడ మందంగా ఉందో తెలుస్తుంది. అలా చూసేటప్పుడు ముసలివాడి మెడ పైభాగాన ఆగండి. లీలగా ఒక స్త్రీ ముఖం కనిపిస్తుంది. దాని గురించి తర్వాత.

అర్థం: రెండు మూడు చెప్పుకుని, పోటీ పెట్టండి

ఇప్పుడు అర్థం అడగవచ్చు. ఒక్కటి పట్టుకుని కూర్చోకుండా కనీసం రెండు మూడు ప్రతిపాదనలు రాయండి. ప్రతిదాని కిందా ఆధారాలు రాయండి, ఆధారమంటే బొమ్మలో వేలు పెట్టి చూపించగలిగిన చోటు.

ఒకటి, ఇది పేదరికం గురించిన చిత్రం. చిరిగిన చొక్కా, చెప్పులు లేని పాదాలు, ఎముకల కోణాలు, నొక్కిపట్టిన చట్రం ఇందుకు సాక్ష్యం.

రెండు, కళే ఈ మనిషికి మిగిలిన ఆశ. గిటారు వెచ్చని రంగు సాక్ష్యం. చాలామంది ఇక్కడే ఆగుతారు. నేను ఒప్పుకోను. ఆ గోధుమ రంగును మరోసారి చూడండి. అది వెలగడం లేదు. దాని కాంతి ముసలివాడి ముఖం మీద పడటం లేదు, చేతులకు ఆ వెచ్చదనం అంటలేదు. ఆశను చూపదలచుకుంటే అంటించడం పికాసోకు కష్టమా? గిటారు అతణ్ణి బాగుచేయడం లేదు, నిలబెడుతోంది. కరిగిపోతున్న ఒంటికి ఆనుకునే చోటు ఇస్తోంది. 'ఆశ' కన్నా 'ఆధారం' అన్న మాట ఈ రంగుకు సరిగ్గా అతుకుతుంది.

మూడు, ఇది వినడం గురించిన చిత్రం. కళ్ళు మూతపడ్డాయి, చెవి వాద్యం వైపు వంగింది, వినేవాళ్ళు ఎవరూ లేరు. మన 'లేదు'ల పట్టిక ఇక్కడ పనికొచ్చింది. ఈ సంగీతానికి శ్రోత అతడే. ఆ మూసిన కళ్ళను అంధుడి కళ్ళుగా చదివితే, చిత్రకారుడు తన చూపుతో చూపులేనివాడి లోకాన్ని వేశాడన్న మాట కూడా ఇక్కడి నుంచే పుడుతుంది.

మొదటి ప్రతిపాదన నిజమే కానీ చొక్కానూ పాదాలనూ వివరించి గిటారు ఒంపులను వదిలేస్తోంది. రెండోది రంగును వివరించి రూపాన్ని వదిలేస్తోంది. ఏ ప్రతిపాదన ఎక్కువ వివరాలను తనలో ఇముడ్చుకుంటే అది బలమైనది. నా మొగ్గు మూడోదానికి, రెండోదాన్ని సవరించి కలుపుకుని. మీ పట్టిక మీకు మరో తీర్పు చెబితే దాన్నే నిలబెట్టండి, ఆధారం మాత్రం చూపించాలి.

చరిత్ర వంతు ఇప్పుడు

ఇంతవరకూ పికాసో జీవితం ఎత్తలేదు, కావాలనే. ఈ బొమ్మ వేసేనాటికి అతడికి 22 ఏళ్ళు. 1901 ఫిబ్రవరిలో అతడి ఆప్తమిత్రుడు కార్లెస్ కాసాగేమాస్ పారిస్‌లో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. 1901 నుంచి 1904 వరకు పికాసో ఎక్కువగా నీలంలోనే వేశాడు. చరిత్రకారులు దాన్ని నీలి దశ అంటారు. ఆ రోజుల్లో అతడికీ డబ్బు కటకటే. బిచ్చగాళ్ళు, అంధులు, బిడ్డలను ఎత్తుకున్న పేదతల్లులు ఆ కాలపు బొమ్మల్లో మళ్ళీ మళ్ళీ వస్తారు. 1903లోనే వేసిన 'ద బ్లైండ్ మ్యాన్స్ మీల్' న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులోనూ ఒక అంధుడు, నీలి వెలుగులో, చేత్తో కూజాను తడుముతూ ఉంటాడు. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చూపు పోయిన మనిషికి చెయ్యే కన్ను అవుతుందన్న ఆలోచన పికాసోను ఎంతగా పట్టుకుందో అర్థమవుతుంది. మన మూడో ప్రతిపాదనకు బయటి నుంచి దొరికిన బలం అది.

జీవితచరిత్రను ఇలా వాడాలి: బొమ్మలో ముందే చూసినదాన్ని గట్టిపరచడానికి, లేదా సందేహించడానికి. 'మిత్రుడు చనిపోయాడు కాబట్టి నీలం' అన్న ఒక్క వాక్యంతో తేల్చేస్తే చట్రం గురించీ కోణాల గురించీ ఏమీ చెప్పనట్టే. మరణానికీ ఈ బొమ్మకూ మధ్య రెండేళ్ళకు పైగా గడిచిందని కూడా గుర్తుంచుకోండి.

ఇక ఆ స్త్రీ ముఖం. ఎక్స్‌రే, పరారుణ కిరణాలతో మ్యూజియం పరిశోధకులు పరీక్షించినప్పుడు పై రంగుల కింద వేరే బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి బిడ్డకు పాలిస్తున్న యువతి. పికాసో మొదలుపెట్టి వదిలేసిన పలకనే మళ్ళీ వాడుకున్నాడు. ఇది విన్నప్పుడు ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది, నాకూ అంతే. అయినా దీన్ని అర్థంలోకి లాగడంలో తొందర వద్దు. వాద్యకారుడి వెనక తల్లి ఉందని చూపాలని పికాసో అనుకున్నాడనడానికి బొమ్మలో ఆధారం లేదు. పలక ఎలా తయారైందో చెప్పే సమాచారంగా రాయండి. అదే నిజాయితీ.

రాసేటప్పుడు

నోటు పుస్తకంలో ఉన్నదంతా వ్యాసంలో కుమ్మరించకండి. ఒక పేరాకు ఒక పరిశీలన చాలు. ప్రతి పేరాలో మూడు సంగతులు కలవాలి: బొమ్మలో ఎక్కడ, అది ఏం చేస్తోంది, దానివల్ల మనకు ఏం తెలుస్తోంది. తేడా చూడండి.

విద్యార్థుల వ్యాసాల్లో తరచూ కనిపించే వాక్యం: "నీలం రంగు విషాదాన్ని సూచిస్తుంది, గిటారు ఆశకు ప్రతీక."

దాన్ని ఇలా తిరగరాయవచ్చు: "చర్మం, బట్ట, గోడ ఒకే నీలంలోకి ఒరగడంతో ముసలివాడి ఒంటి అంచులు కరిగిపోతున్నాయి. గోధుమ రంగు గిటారు ఒక్కటే అతణ్ణి ఆ కరుగుదల నుంచి ఆపుతోంది. కానీ ఆ వెచ్చదనం అతడి ముఖం దాకా చేరలేదు. వాద్యం అతణ్ణి నిలబెట్టగలిగింది, ఓదార్చలేకపోయింది."

రెండోది రాసినవాడు పొరబడి ఉండవచ్చు కూడా. కానీ అతడితో వాదించవచ్చు, బొమ్మ తెరిచి చూపించి కాదనవచ్చు. మొదటిదానితో వాదించడానికి ఏమీ లేదు, ఎందుకంటే అది ఈ బొమ్మ గురించి కాదు, ఏ నీలం బొమ్మకైనా అతుకుతుంది. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ పరీక్షకు పెట్టండి: వేరే బొమ్మకు కూడా సరిపోతే కొట్టేయండి.

తర్వాతి బొమ్మ

ఇదే వరసలో భారతీయ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన 'త్రీ గర్ల్స్' చూడండి. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా సంగ్రహాలయంలో ఉంది. 1937లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం పొందింది. మన హైదరాబాదుతోనూ దీనికి సంబంధం ఉంది: నవాబు సాలార్ జంగ్ పరిశీలనకు వెళ్ళి, ఆయన తీసుకోకపోవడంతో తిరిగివచ్చిన చిత్రాల్లో ఇదీ ఒకటి. ఆ కథ పక్కన పెట్టి, ముందు గడియారం పెట్టుకోండి. ఈసారి ఒక్కరు కాదు, ముగ్గురు ఉన్నారు కాబట్టి బటర్ పేపరు మీద అదనంగా మూడు గీతలు గీయండి: ఒక్కొక్కరి చూపు ఎటు పోతోందో. ఒక్క గీత కూడా మీ వైపు రాదు. అవి ఒకదాన్నొకటి ఎక్కడైనా కలుస్తాయా, వెనకనున్న ఖాళీ గోడ ఆ ముగ్గురినీ కలుపుతోందా విడదీస్తోందా, బట్టల్లోని వెచ్చని రంగులు ముఖాల దాకా చేరాయా అన్నవి మొదట రాసుకోవలసిన ప్రశ్నలు.